స్టియరిక్ ఆమ్లం నుంచి క్యాటయానిక్ సర్ఫాక్టెంట్: అమైన్ లెక్క తప్పిన బ్యాచ్‌లు, తేలిన బ్యాచ్

క్యాటయానిక్ సర్ఫాక్టెంట్ అంటే ధనావేశం ఉన్న, సబ్బులాంటి పదార్థం. చేయాల్సిన పనులు మూడు. స్టియరిక్ ఆమ్లాన్ని డైమిథైల్ అమైనో ప్రొపైల్ అమైన్‌తో (ఇకపై డీమాపా) కలిపి అమైడోఅమైన్ చేయాలి. దాన్ని లాక్టిక్ ఆమ్లంతో ఉప్పుగా మార్చి నీళ్లలో కలపాలి. ఆ ద్రావణం నిజంగా ధనావేశంతో పనిచేస్తోందో లేదో తేల్చాలి.

క్వాటర్నరీ ఉప్పు (పీహెచ్ ఎంతున్నా ధనావేశం పోని రకం) జోలికి వెళ్లలేదు. దానికి డైమిథైల్ సల్ఫేట్ గానీ మిథైల్ క్లోరైడ్ గానీ కావాలి. మొదటిది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ఆ దెబ్బ గంటల తర్వాత గానీ బయటపడదు. రెండోది వాయువు కాబట్టి ప్రెషర్ రియాక్టర్ ఉండాలి. అమైడోఅమైన్‌కి ఆ తిప్పలు లేవు. ఆమ్ల పీహెచ్‌లో ప్రోటాన్ అందుకుని అదే క్యాటయాన్ అవుతుంది. పీహెచ్ పెరిగితే ఆవేశం పోతుందన్న షరతు మాత్రం ఉంది.

ఇందులో చెడిన బ్యాచ్‌లన్నిటికీ మూలం ఒకటే. వేసిన డీమాపాలో ఎంత కలిసింది, ఎంత ఆవిరైపోయింది, ఎంత లోపలే మిగిలింది అన్న లెక్క లేకపోవడం. అందుకే కింద ప్రతి దశలోనూ ఆ లెక్కే ముందుంటుంది.

దశ 1: ముడిసరుకు కొలత

డబ్బా మీద స్టియరిక్ ఆమ్లం అని ఉన్నంత మాత్రాన అది శుద్ధమైన స్టియరిక్ కాదు. బజారులో దొరికే రకంలో పామిటిక్ ఆమ్లం సగం దాకా ఉంటుంది. అణుభారాన్ని 284.5 అనుకుని లెక్క కడితే డీమాపా తక్కువ పడుతుంది. ముందు ఆసిడ్ వేల్యూ (ఒక గ్రాము నమూనాలోని ఆమ్లాన్ని తటస్థం చేయడానికి పట్టే పొటాషియం హైడ్రాక్సైడ్ మిల్లీగ్రాములు) తీయాలి.

1. 1 గ్రా. ఆమ్లాన్ని 50 మి.లీ. వేడి ఇథనాల్‌లో కరిగించాలి. ఇథనాల్‌ని అంతకుముందే ఫినాఫ్తలీన్ లేత గులాబీ వచ్చేదాకా తటస్థం చేసి ఉంచుకోవాలి.
2. 0.1 నార్మల్ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేయాలి.
3. ఆసిడ్ వేల్యూ = మి.లీ. × నార్మాలిటీ × 56.1 ÷ నమూనా గ్రాములు.

వచ్చిన విలువ 208. శుద్ధ స్టియరిక్‌కి 197, శుద్ధ పామిటిక్‌కి 219 రావాలి కాబట్టి ఇది మిశ్రమమే. సగటు అణుభారం 56,100 ÷ 208 = 269.7. దీంతో 200 గ్రా. బ్యాచ్ లెక్క ఇలా తేలింది:

- ఆమ్లం: 0.742 మోల్
- సరిసమానంగా, అంటే మోల్‌కి మోల్, కావలసిన డీమాపా (అణుభారం 102.2): 75.8 గ్రా.
- 1.25 రెట్లకు: 94.7 గ్రా., అంటే సుమారు 117 మి.లీ.
- బయటికి రావలసిన నీరు: 13.4 గ్రా.
- రావలసిన సరుకు: 262.4 గ్రా., సగటు అణుభారం 353.9, అమైన్ వేల్యూ (ఆసిడ్ వేల్యూ లాగే, కానీ ఎంత అమైన్ ఉందో చెప్పే అంకె) 158.5

డీమాపా సీసా మూత చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంటే ఆ సీసా వాడొద్దు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని కార్బమేట్ అయిన అమైన్ అది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేసినా ఈ తేడా దొరకదు. ఆమ్లం తగలగానే కార్బమేట్ విడిపోయి అమైన్ మొత్తం లెక్కలోకి వచ్చేస్తుంది. ఆ తెల్లటి పొర కాక, చుక్క ఆమ్లం వేసినప్పుడు బుస్సున పొంగడం ఒక్కటే గుర్తు.

డీమాపా చర్మాన్ని కాలుస్తుంది, అలర్జీ తెప్పిస్తుంది, తేలిగ్గా అంటుకుంటుంది. ఫ్యూమ్ హుడ్, ముఖానికి షీల్డ్, బ్యూటైల్ రబ్బరు గ్లవ్స్, మంట లేని ఎలక్ట్రిక్ మాంటిల్ లేకుండా సీసా తెరవకూడదు. పలుచటి నైట్రైల్ గ్లవ్స్ దీనికి చాలవు.

దశ 2: బ్యాచ్ 1, అమైన్ అంతా ఒకేసారి

80 డిగ్రీల దగ్గర కరిగిన ఆమ్లంలో 94.7 గ్రా. డీమాపా పది నిమిషాల్లో పోశాం. వేడి పెట్టకుండానే ఉష్ణోగ్రత 112 డిగ్రీలకు ఎక్కింది. అది అమైడ్ కట్టిన వేడి కాదు, ఆమ్లమూ అమైనూ కలిసి సబ్బులాంటి ఉప్పు కట్టిన వేడి. అమైడ్ కావాలంటే ఆ ఉప్పులోంచి నీరు వెళ్లిపోవాలి. అది చురుగ్గా జరగడానికి 150 డిగ్రీలు దాటాలి.

అక్కడే పని ఆగింది. డీమాపా దాదాపు 134 డిగ్రీల దగ్గర మరుగుతుంది. లోపల అమైన్ అంత ఎక్కువగా ఉన్నప్పుడు మాంటిల్ ఎంత పెంచినా ఫ్లాస్క్ 140 డిగ్రీలు దాటలేదు. వేడంతా అమైన్‌ని ఆవిరి చేయడానికే సరిపోయింది.

ఆరు గంటల తర్వాత లెక్క:

- బయటికి వచ్చిన ద్రవం: 31 గ్రా.
- అందులో డీమాపా: 22 గ్రా.
- నీరు: 9 గ్రా. (13.4 రావాలి)
- ఆసిడ్ వేల్యూ: 51

బయటికి వచ్చిన ద్రవంలో డీమాపా ఎంతో తెలుసుకోవడం తేలిక. 1 మి.లీ. తీసి, నీళ్లు కలిపి, బ్రోమోఫినాల్ బ్లూ వేసి 0.5 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేయాలి. డీమాపాలో రెండు నైట్రోజన్లు ఉన్నాయి, రెండూ ఆమ్లాన్ని తీసుకుంటాయి. కాబట్టి ఖర్చయిన ప్రతి మి.లీ. ఆమ్లానికి 25.5 మి.గ్రా. డీమాపా.

22 గ్రా. పోతే మిగిలింది 72.7 గ్రా. సరిసమానానికి కావలసిన 75.8 కూడా లోపల లేదు. ఇంకెంత సేపు కాచినా ఈ బ్యాచ్ పూర్తవదు.

డీన్–స్టార్క్ (చల్లబడిన ఆవిరిలోంచి నీటిని పొరగా విడదీసి, మిగతాది ఫ్లాస్క్‌లోకి వెనక్కి పంపే గాజు గొట్టం) పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. డీమాపా నీళ్లలో పూర్తిగా కలుస్తుంది. గొట్టంలో పొరలు విడవవు, అమైన్ వెనక్కి రాదు.

దశ 3: బ్యాచ్ 2, చుక్కలుగా, కాలమ్ లేకుండా

మార్పు: ముందు ఆమ్లాన్నే 165 డిగ్రీలకు వేడి చేసి, డీమాపాని గొట్టం ద్వారా ద్రవం అడుగుకి చుక్కలుగా పంపడం. ఏ క్షణంలోనూ లోపల అమైన్ ఎక్కువగా ఉండదు కాబట్టి ఉష్ణోగ్రత దిగదు. ఆ వరకు ఆలోచన సరైనదే, ఫ్లాస్క్ 165 దగ్గరే నిలబడింది.

గొట్టం మాత్రం రెండుసార్లు పూడుకుపోయింది. చుక్కలు ఆగిన క్షణంలో కరిగిన ఆమ్లం గొట్టంలోకి ఎగబాకి, పైనున్న చల్లటి భాగంలో అమైన్‌తో కలిసి సబ్బుగా గడ్డకట్టింది. అమైన్ వెళ్లే గొట్టంలోంచే సన్నటి నైట్రోజన్ ధార కూడా పంపితే ఆ ఇబ్బంది పోయింది. చుక్కలు ఆగినా గ్యాస్ ఆగదు, ఆమ్లం పైకి రాదు.

ఆవిరి తిన్నగా కండెన్సర్‌లోకి పోవడంతో 17 గ్రా. డీమాపా నీటితో పాటే కొట్టుకుపోయింది. ఆసిడ్ వేల్యూ 9 దగ్గర ఆగింది. తర్వాత కాసేపు వాక్యూమ్ పెట్టి అమైన్ వేల్యూ తీస్తే 158.3 వచ్చింది. ఉండాల్సింది 158.5. ఈ బ్యాచ్‌లో అన్నిటికన్నా మోసం చేసే అంకె ఇదే.

ఎందుకంటే, ఆసిడ్ వేల్యూ 9 అంటే 4.3 శాతం ఆమ్లం అలాగే ఉంది. అది అమైన్ వేల్యూని కిందికి లాగుతుంది. మిగిలిన డీమాపా పైకి లాగుతుంది. డీమాపా సొంత అమైన్ వేల్యూ 1,098 కాబట్టి ఒక్క శాతం ఉన్నా మొత్తం 9 పాయింట్లకు పైగా పెరుగుతుంది. 95 శాతం సరుకు, 4.3 శాతం ఆమ్లం, 0.7 శాతం డీమాపా కలిస్తే సరిగ్గా 158.3 వస్తుంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేశాయి. అమైన్ వేల్యూని ఆసిడ్ వేల్యూ పక్కన పెట్టకుండా ఎప్పుడూ చదవకూడదు.

దశ 4: బ్యాచ్ 3, కాలమ్‌తో

చేసిన మార్పు ఒక్కటే. ఫ్లాస్క్‌కీ కండెన్సర్‌కీ మధ్య 20 సెం.మీ. విగ్రూ కాలమ్ (లోపలికి పొడుచుకొచ్చిన గాజు ముళ్లున్న నిలువు గొట్టం), దాని తల దగ్గర థర్మామీటర్. తల ఉష్ణోగ్రత 98–103 మధ్య ఉంటే బయటికి పోయేది దాదాపు నీరే, అమైన్ కాలమ్‌లో చల్లబడి వెనక్కి జారుతుంది. 110 దాటిందంటే అమైన్ దాటిపోతోందని అర్థం. వెంటనే చుక్కల వేగం తగ్గించాలి.

1. 200 గ్రా. ఆమ్లం, నైట్రోజన్ కింద 160 డిగ్రీలు.
2. డీమాపా మొదటి రెండు గంటలు గంటకు 32 గ్రా. చొప్పున, తర్వాత నెమ్మదిగా.
3. అమైన్ అంతా వెళ్లాక 175 డిగ్రీలకు పెంచి రెండు గంటలు ఉంచడం.
4. గంటకోసారి ఆసిడ్ వేల్యూ, బయటి ద్రవం తూకం, అందులోని అమైన్.

అప్పటివరకు మొత్తాలు:

- 1వ గంట: డీమాపా 32 గ్రా., బయటి ద్రవం 4.2 గ్రా. (అమైన్ 0.1), ఆసిడ్ వేల్యూ 127
- 2వ గంట: 64 గ్రా., 9.1 గ్రా. (అమైన్ 0.4), 57
- 3వ గంట: 85 గ్రా., 12.4 గ్రా. (అమైన్ 1.2), 25
- 4వ గంట: 94.7 గ్రా., 15.0 గ్రా. (అమైన్ 2.5), 9.6
- 6వ గంట: 94.7 గ్రా., 18.6 గ్రా. (అమైన్ 5.5), 3.0

ఆసిడ్ వేల్యూ 10 కిందికి వచ్చాక టైట్రేషన్ ముగింపు మసకబారుతుంది. లోపలున్న అమైన్ వల్ల గులాబీ రంగు వచ్చి వెలిసిపోతూ ఉంటుంది. 15 సెకన్లు నిలిచిన రంగునే ముగింపుగా తీసుకుని, మూడు నమూనాల సగటు రాశాం.

త్వరగా అవుతుందని 50 గ్రా. చిన్న బ్యాచ్‌ని 195 డిగ్రీల దగ్గర నడిపి చూస్తే ఆసిడ్ వేల్యూ తొందరగానే దిగింది, రంగు బెల్లంపాకంలా తిరిగింది. ఆ రంగుని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పోగొట్టాలని చూడొద్దు. పెరాక్సైడ్ టెర్షియరీ అమైన్‌ని అమైన్ ఆక్సైడ్‌గా మార్చేస్తుంది, అది వేరే సర్ఫాక్టెంట్.

దశ 5: మిగిలిన అమైన్‌ని తీయడం

ఆరో గంటకు ఫ్లాస్క్‌లో ఇంకా 14.9 గ్రా. డీమాపా ఉంది. ఇది వాసన కోసమే తీసేది కాదు. షాంపూల్లో వాడే కోకమిడోప్రొపైల్ బీటైన్ అనే సర్ఫాక్టెంట్‌కి వచ్చే చర్మ అలర్జీలలో దోషులుగా తేలినవి అందులో మిగిలిన డీమాపా, అమైడోఅమైన్. అమైడోఅమైనే ఇక్కడ మన సరుకు, దాన్ని తప్పించలేం. డీమాపాని మాత్రం తీయగలం, తీసి తీరాలి.

150 డిగ్రీలు, 30 మిల్లీబార్, గంట: 12.2 గ్రా. కోల్డ్ ట్రాప్‌లోకి వచ్చింది. ట్రాప్ లేకపోతే అది పంపు నూనెలోకి పోతుంది. అమైన్ వేల్యూ 166, అంటే ఇంకా సుమారు ఒక శాతం మిగిలింది. మరో గంట పెట్టినా పెద్దగా కదల్లేదు. డీమాపా శాతం తగ్గేకొద్దీ దాని ఆవిరి పీడనం కూడా తగ్గుతుంది. అది పంపు పట్టగలిగిన పీడనానికి దగ్గరపడ్డాక వాక్యూమ్‌కి చేతకాదు, ఊడ్చుకుపోయే ఆవిరి కావాలి.

1. వాక్యూమ్ తీసి, 150 డిగ్రీల దగ్గర అడుగు గొట్టం ద్వారా 5 గ్రా. నీటిని అరగంట పాటు చుక్కలుగా పంపాలి. ఒకేసారి పోస్తే సరుకు పొంగి పైకి చిమ్ముతుంది.
2. మళ్లీ 30 మిల్లీబార్, అరగంట.
3. ఇదంతా ఇంకోసారి.

చివరికి ఆసిడ్ వేల్యూ 2.8, అమైన్ వేల్యూ 157.4. లెక్క ప్రకారం డీమాపా 0.1 శాతం దరిదాపు. అంత తక్కువని టైట్రేషన్ నమ్మకంగా చెప్పలేదు. అందుకే నిన్‌హైడ్రిన్ పరీక్ష పెట్టాం. అది డీమాపాలో ఉన్న ప్రైమరీ అమైన్‌తో ఊదా రంగు ఇస్తుంది, సరుకులోని టెర్షియరీ అమైన్‌తో ఇవ్వదు. డీమాపా కలపని ఐసోప్రొపనాల్, 0.05, 0.1, 0.2 శాతాలకు సరిపడా డీమాపా కలిపిన ఐసోప్రొపనాల్, సరుకు నమూనా, అన్నీ పక్కపక్కనే వేడినీళ్లలో పెట్టి చూశాం. నమూనా రంగు 0.05కీ 0.1కీ మధ్య పడింది. ఇది హద్దు చూసే పరీక్ష మాత్రమే. చర్మానికి తగిలే సరుకు చేసేవాళ్లు గ్యాస్ క్రొమటోగ్రఫీ చేయించాల్సిందే.

బ్యాచ్ 3 మొత్తం లెక్క:

- లోపలికి: 200 + 94.7 = 294.7 గ్రా.
- నీరు, అమైన్ కలిసి కాలమ్ దాటింది: 18.6
- వాక్యూమ్‌లో వచ్చిన అమైన్: 12.2
- నీటి ఆవిరితో పోయిన అమైన్: 2.4
- పరీక్షలకు తీసిన నమూనాలు: 3.6
- చేతికొచ్చిన సరుకు: 256.8
- గాజుకి అంటుకున్నది, దొరకనిది: 1.1

దశ 6: ఉప్పుగా మార్చడం

88 శాతం లాక్టిక్ ఆమ్లాన్ని తూచి నేరుగా వేస్తే తొలిరోజు పీహెచ్ 4.7, మర్నాటికి 4.2. గాఢ లాక్టిక్ ఆమ్లంలో కొంత భాగం తనలో తానే ఎస్టర్ కట్టుకుని ఉంటుంది. నీళ్లు తగిలాక మెల్లగా విడిపోతూ కొత్త ఆమ్లాన్ని వదులుతుంది. ముందే పలుచన చేసి విడగొట్టి, టైట్రేట్ చేసి వాడితే పీహెచ్ కదలదు.

100 గ్రా. ద్రావణానికి, 5 శాతం:

1. లాక్టిక్ ఆమ్లాన్ని 20 శాతానికి పలుచన చేసి, మూతపెట్టి 80 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచి టైట్రేట్ చేయాలి.
2. 88.6 గ్రా. నీటిని 75 డిగ్రీలకు వేడి చేసి, అందులో 6.4 గ్రా. ఆ ఆమ్లం కలపాలి.
3. 5 గ్రా. అమైడోఅమైన్‌ని విడిగా 80 డిగ్రీల దగ్గర కరిగించి, కలుపుతూ సన్నగా పోయాలి.
4. 15 నిమిషాలు 75 దగ్గర ఉంచి, నెమ్మదిగా తిప్పుతూ చల్లార్చాలి. పీహెచ్ 30 డిగ్రీలకు వచ్చాకే చూడాలి.

చల్లటి ఆమ్లపు నీళ్లలో రేకులు వేస్తే పైన జెల్ పొర కట్టి లోపల పొడిగానే ఉండిపోతాయి. తర్వాత ఎంత తిప్పినా విడవవు. హైస్పీడ్ బ్లెండర్ పెడితే నురగ కట్టి గాలి లోపలే ఇరుక్కుంటుంది.

పీహెచ్ 4.3 దగ్గర ద్రావణం ముత్యపు మెరుపుతో ఒకే తీరుగా ఉంది. సోడియం హైడ్రాక్సైడ్‌తో 8.5కి తెస్తే తునకలుగా విడిపోయి పైకి తేలింది. మళ్లీ లాక్టిక్ ఆమ్లం వేసి వేడి చేస్తే కలిసిపోయింది.

దశ 7: క్యాటయానిక్ శాతం

పద్ధతి: క్లోరోఫాం, నీరు రెండు పొరల్లో సోడియం డోడెసైల్ సల్ఫేట్‌తో (ఇది ఆనయానిక్, అంటే రుణావేశపు సర్ఫాక్టెంట్) టైట్రేషన్. సూచిక డిమిడియం బ్రోమైడ్–డైసల్ఫిన్ బ్లూ మిశ్రమం. క్యాటయానిక్ ఎక్కువగా ఉన్నంతసేపూ క్లోరోఫాం పొర నీలం, ఆనయానిక్ ఎక్కువైతే గులాబీ, మధ్యలో బూడిద రంగే ముగింపు. ఆమ్ల మాధ్యమంలోనే చేయాలి. క్షారంలో క్వాటర్నరీ ఉప్పు ఒక్కటే స్పందిస్తుంది, మన అమైన్ కనిపించకుండా పోతుంది.

0.354 గ్రా. సరుకుని 250 మి.లీ. చేస్తే 0.004 మోలార్. అందులో 20 మి.లీ.కి, శుద్ధమైనదైతే, 0.004 మోలార్ సల్ఫేట్ ద్రావణం 20 మి.లీ. పట్టాలి.

మొదట 18.1 మి.లీ. మాత్రమే పట్టింది. సరుకులో లోపం లేదు, ఫ్లాస్క్ చల్లబడి సన్నటి స్ఫటికాలు అడుగుకి దిగాయి. పైగా క్యాటయానిక్‌లు గాజు గోడకి పట్టుకుంటాయి. మార్పులు: ద్రావణంలో 10 శాతం ఐసోప్రొపనాల్, 40 డిగ్రీల నీళ్ల తొట్టిలో ఫ్లాస్క్, పిపెట్‌ని అదే ద్రావణంతో రెండుసార్లు కడిగాక కొలవడం. 19.6 మి.లీ. వచ్చింది, 98 శాతం. సల్ఫేట్ ద్రావణం నిల్వలో విడిపోతుంది కాబట్టి దాన్ని గాఢత తెలిసిన క్యాటయానిక్ అయిన బెంజిథోనియం క్లోరైడ్‌తో అప్పటికప్పుడు సరిచూడాలి.

దశ 8: గుడ్డ మీద, జుట్టు మీద

నూలు గుడ్డ ముక్కని 0.1 శాతం ద్రావణంలో ముంచి, కడిగి, రుణావేశపు రంగులో ముంచితే రంగు పట్టుకోవాలి. మొదట వాడిన బ్రోమోఫినాల్ బ్లూ పనికిరాలేదు. అది పీహెచ్ 3.0–4.6 మధ్య తానే పసుపు నుంచి నీలానికి మారుతుంది. మనం పనిచేసేది అక్కడే, కనిపించే నీలం ఆవేశం వల్లనో పీహెచ్ వల్లనో తేలదు. ఆసిడ్ ఆరెంజ్ 7కి మార్చాక చిక్కు తీరింది. ద్రావణం తగలని గుడ్డలో రంగు కడగగానే పోయింది, తగిలినదాంట్లో మూడు కడుగులకూ నిలిచింది.

జుట్టుకి బ్లీచ్ చేసిన 5 గ్రా. పాయలు తీసుకుని, ముందు షాంపూ చేసి కడిగాం. 1 శాతం ద్రావణంలో రెండు నిమిషాలు ఉంచి, ఒక నిమిషం గోరువెచ్చటి నీళ్ల కింద కడిగి, తడిగానే దువ్వెనని ఫోర్స్ గేజ్‌కి తగిలించి లాగాం. అత్యధిక బలం, న్యూటన్లలో, ఐదేసి పాయల సగటు:

- ఏమీ పెట్టనిది: 2.4
- బ్యాచ్ 3, పీహెచ్ 4.3: 0.8
- బ్యాచ్ 3, పీహెచ్ 7: 1.5
- బ్యాచ్ 1 సరుకు, పీహెచ్ 4.3: 1.6, వేళ్లకు జిడ్డు
- బ్యాచ్ 3, కానీ షాంపూ సరిగా కడగకుండా: 1.9

చివరిది గమనించాలి. షాంపూలోని ఆనయానిక్, మన క్యాటయానిక్ కలిసి కరగని ముద్దగా మారి జుట్టు మీద కూర్చుంటాయి. పరీక్షకు ముందు పాయని నురగ ఆగేదాకా కాదు, ఆగాక ఇంకో రెండు నిమిషాలు కడగాలి.

మైసెల్ (సర్ఫాక్టెంట్ అణువులు నీళ్లలో గుంపుగా చేరి కట్టే ఉండ) కట్టే గాఢత కొలవడం మధ్యలో వదిలేశాం. ఎక్కువైన లాక్టిక్ ఆమ్లం కూడా కండక్టివిటీకి తోడై వంపు స్పష్టంగా రాలేదు. దువ్వెన బలం చెప్పినంత అది చెప్పదు కూడా.

మిగిలిన ద్రావణాలు, తర్వాతి బ్యాచ్

క్యాటయానిక్‌లు నీటి ప్రాణులకు విషం, తిన్నగా కాలువలో పోయకూడదు. సమానమైన సోడియం డోడెసైల్ సల్ఫేట్ కలిపి, ముద్దని వడకట్టి, రసాయన వ్యర్థాల్లో వేస్తున్నాం. క్లోరోఫాం పొరకి విడిగా హాలోజన్ వ్యర్థాల డబ్బా.

బ్యాచ్ 4కి డీమాపా 1.25 రెట్ల నుంచి 1.15కి, అంటే 87.1 గ్రా.కి తగ్గిస్తున్నాం. కాలమ్ అమైన్‌ని పట్టి ఉంచుతోంది కాబట్టి అంత ఎక్కువ అక్కర్లేదు, తీయాల్సిన మిగులు 14.9 నుంచి 8 గ్రా. లోపుకి దిగాలి. ఆసిడ్ వేల్యూ ఆరో గంటకి 5 దాటి ఉంటే 175 దగ్గర ఇంకో గంట ఇవ్వాలి. అమైన్ మళ్లీ పోయకూడదు.